అంచులు చిరిగిన ఆకులు

పోయిన నెల ఖమ్మంలో ఒక పెళ్లి విందులో నా పరువు పోయింది. బగారా అన్నం వడ్డించారు. అందులో బిర్యానీ ఆకు వస్తే బుద్ధున్నవాడెవడైనా పక్కకు తోసి తింటాడు. నేను మాత్రం ఎంగిలి చేత్తో దాన్ని పైకి తీసి, అడ్డంగా చింపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న మా బావమరిది నోటి దాకా తీసుకెళ్లిన ముద్ద ఆపేసి, "ఏంది బావా, పాసిపోయిందా?" అన్నాడు. ఆ మాట ఎదురు వరుస దాకా పాకింది. వడ్డించేవాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. ఏం లేదు, తినండి తినండి అని అందరికీ సర్దిచెప్పేసరికి నా అన్నం చల్లారిపోయింది.

ఉడికిన ఆకులో వాసన ఏం మిగులుతుంది? ఆ సంగతి నాకూ తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, అంటుకున్నది. అంటించిన మనిషి ఈ ఎండాకాలంలో జూలూరుపాడు దగ్గర వాళ్ల ఊళ్లో పోయాడు. నాకు కబురు అందేసరికి దినం కూడా అయిపోయింది. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. డ్యూటీలో ఉంటే ఇల్లు గుర్తొస్తుంది, ఇంట్లో ఉంటే వాకిట్లోకి వెళ్లాలనిపిస్తుంది. రాస్తే తగ్గుతుందేమో చూద్దామని కూర్చున్నాను.

మాది మణుగూరు దాటి పినపాక వైపు వెళ్తే వచ్చే బొగ్గుగని కాలనీ. నేను గనిలో పంపు ఆపరేటర్ని. ఆయన మా షిఫ్టుకు సర్దార్. అంటే మాకంటే ముందు దిగి, కర్రతో పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, ఇక పని చేసుకోవచ్చని చెప్పే మనిషి. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ సర్దారన్నే. మా రెండు క్వార్టర్లకు మధ్య ఒకటే గోడ. అందుకని కింద ఆయన మాటే, పైకొచ్చాక కూడా ఆయన మాటే వినాల్సిన ఖర్మ నాది.

కుదురులేని మనిషి. ఆయన కూర్చుని టీ తాగడం నేను చూడలేదు. గ్లాసు పట్టుకుని వాకిలంతా తిరుగుతూ తాగేవాడు. మాట మధ్యలో లేచి వెళ్లి ఏదో ఒకటి తట్టి వచ్చేవాడు. ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు వంక చూసి, ఆ తర్వాతే మనుషులను పలకరించేవాడు. మేము కొత్త బీరువా కొంటే చూడటానికొచ్చి, వేళ్లతో తట్టి, "లోపల డొల్లగున్నది తమ్మీ" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. బీరువా లోపల డొల్లగా కాక ఇంకెలా ఉంటుందని మా ఆవిడ ఆరోజంతా నవ్వింది.

ఆయన ముక్కు సంగతి చెప్పాలంటే ముందు గని సంగతి చెప్పాలి. బొగ్గు తీసేసిన చోట్లను గోడ కట్టి మూసేస్తారు. గోడ వెనక మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది, ఒక్కోసారి రాజుకుంటుంది. అప్పుడు పుట్టే విషవాయువుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. అయితే బొగ్గు రాజుకోబోయే ముందు సన్నగా ఒక వాసన తగులుతుంది. మొదట చెమట పట్టిన తడి గోడ వాసన, ఆ తర్వాత కిరోసిన్ వాసన. గాలి చూసే మిషన్ సర్దార్ చేతిలో ఉంటుంది. ఆయన మిషన్‌నూ నమ్మేవాడు, ముక్కునూ నమ్మేవాడు. నా పంపు ఉండేది ఆ మూసేసిన గోడల పక్కనే, అన్నిటికంటే కింద. షిఫ్టంతా అక్కడ నేనొక్కణ్ణే. కాబట్టి ఆయన ముక్కు బాగుండటం ఆయన కంటే నాకే ఎక్కువ అవసరం.

షిఫ్టుకు బయల్దేరే ముందు ఆయన రోజూ ముక్కును పరీక్ష చేసుకునేవాడు. దానికి బిర్యానీ ఆకు. ఉల్లిగడ్డ వాసన చూసుకుంటే చాలదా అని ఒకసారి అడిగి చీవాట్లు తిన్నాను. ఉల్లిగడ్డ, మిరపకాయ ముక్కులో గుచ్చుకుంటాయట, ముక్కు చచ్చినా మంట తెలుస్తుందట. బిర్యానీ ఆకు అలా కాదు. ఊరికే ఉంటే ఏమీ తెలియదు, చింపితేనే సన్నగా వస్తుంది. ఆ సన్నటి వాసన పట్టుకున్న ముక్కుకు గోడ వెనకది కూడా దొరుకుతుందని ఆయన లెక్క. మరి కిరాణా కొట్టు ఆకు ఎందుకు పనికిరాదంటే, అది ఒకరోజు ఘాటుగా ఉంటుంది, ఒకరోజు ఎండుగడ్డిలా ఉంటుంది. వాసన రాకపోతే తప్పు ఆకుదో ముక్కుదో తేలదు. అందుకని పచ్చి ఆకు కావాలి. పచ్చి ఆకు కావాలంటే చెట్టు కావాలి.

కడియం నర్సరీల నుంచి ట్రాలీ ఆటోలో మొక్కలు తెచ్చి అమ్మే అతని దగ్గర మోకాలెత్తు మొక్క కొన్నాడు. ఆయన భార్య, మా వదిన, దాన్ని చూడగానే ఇది మన బగారా ఆకు కాదంది. కొట్టులో దొరికే ఆకుకు పొడవునా మూడు ఈనెలుంటాయి, దీనికి మధ్యలో ఒకటే ఉంది. ఇదే అసలు రకమని, చలి దేశాల చెట్టని అమ్మేవాడు ఒట్టుపెట్టాడు. "సలి దేశం చెట్టును తెచ్చి బొగ్గుల కుంపట్ల వెట్టిండు" అని వదిన కాలనీ అంతా చెప్పుకుంది.

కుంపటే మరి. మొదటి ఎండాకాలానికే ఆకుల కొనలు మాడిపోయాయి. ఆయన ఊరుకుంటాడా? ఒక చెక్కపలకకు పాత బేరింగులు బిగించి బండి చేశాడు. దాని మీద మట్టి కుండీ ఎక్కించాడు. పొద్దున ఎండలోకి, పదింటికి గోడ నీడకు, మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు వెనక్కి, సాయంత్రం మళ్లీ వాకిట్లోకి. ఆ బేరింగుల కిర్రుమనే చప్పుడు విని మేము టైం చెప్పేవాళ్లం. ఆయన డ్యూటీలో ఉంటే ఆ తోపుడు పని వదినది.

మన్ను కూడా అల్లాటప్పాది కాదు. అడవి అంచున దొరికే ఎర్ర గరపమన్ను, గోదావరి ఇసుక, మాగిన మేక ఎరువు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని అడుగున పెంకులు. నీళ్లు పోయాలా వద్దా అన్నది కుండీని కర్రతో తట్టి తేల్చేవాడు. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే లోపల తడి ఉన్నట్టు. గనిలో పైకప్పును తట్టే కర్ర, వాకిట్లో కుండీని తట్టే కర్ర ఒకటే. తట్టకుండా వదిన చెంబెడు నీళ్లు పోసిందంటే ఆ పూట ఇద్దరికీ మాటల్లేవు. పైగా మా కాలనీలో ఏ ఆకు మీద చూసినా బొగ్గు దుమ్ము. పాత తువ్వాలు ముక్క తడిపి, ఆకు పైనా కిందా తుడిచేవాడు. ఆకు వెనక గోధుమరంగు పొలుసుల్లా అంటుకునే పురుగును సబ్బునీళ్లు పెట్టి గోటితో గీకేవాడు. సొంత పిల్లలకు కూడా అన్ని స్నానాలు చేయించలేదని వదిన దెప్పేది.

ఆ చెట్టు నత్తనడక రకం. రోజుకొక ఆకు తెంపితే ఏడాదికి పుల్లలు మిగులుతాయి. అందుకని ఆయన ఆకును కోసేవాడు కాదు. చెట్టు మీదే ఉంచి, గోరంత మూల తుంపి, నలిపి వాసన చూసుకుని, "అవ్" అని తల ఊపి బస్సెక్కేవాడు. మర్నాడు ఇంకో మూల. చూసేవాళ్లకు ఆ చెట్టును మేకలు కొరికినట్టు ఉండేది. దారినపోయేవాళ్లు ఆగి, ఏదైనా మందు కొట్టు అన్నా అని సలహా ఇచ్చేవాళ్లు. వదినకు మాత్రం కూరలోకి ఒక్క ఆకు దక్కేది కాదు. ఇంట్లో చెట్టు పెట్టుకుని కొట్టులో ఆకు కొనే ఇల్లు అదొక్కటే.

ఆయన ముక్కు ఎప్పుడూ తప్పలేదని అంటే అబద్ధమవుతుంది. ఒకసారి షిఫ్టు మొత్తాన్ని పని ఆపించి పైకి తీసుకొచ్చాడు. తీరా చూస్తే, బొగ్గు మోసే బెల్టుకు అతుకు వేసినవాళ్లు రబ్బరు జిగురు డబ్బా మూత పెట్టకుండా వెళ్లారు. ఆయన ముక్కు పట్టింది ఆ వాసన! చాన్నాళ్లు ఆయన కనబడితే చాలు మావాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. నేను కూడా ఏడిపించాను. ఆయనకు కోపం రాలేదు. "తప్పైంది గాబట్టి నవ్వుతుండ్రు తమ్మీ. ఒప్పైతే నవ్వెటోడే ఉండకపోవు" అన్నాడు. ఆ తర్వాత నేను ఏడిపించడం మానేశాను.

కరోనా వచ్చిన రోజుల్లో ఆ చెట్టుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వాసన తెలుస్తుందో లేదో చూసుకోవాలని కాలనీ జనం గోడ అవతల దూరంగా నిలబడి, ఒక ముక్క ఇయ్యన్నా అని అడిగేవాళ్లు. ఆయన కర్ర చివర ఆకు ముక్క గుచ్చి అందించేవాడు. వాసన వస్తలేదని ఎవరైనా అంటే, ఇంకేం చూస్తున్నవ్, జల్దీ దవాఖానకు పో అని తరిమేవాడు. ఆకుది తప్పేమో అని నసిగినవాళ్ల మీద గయ్యిమని లేచేవాడు. తన ఆకు తప్పు చెప్పదని ఆయన ధీమా. ఆ రోగం ఆయన జోలికి రాలేదు.

అంత తెలిసిన మనిషి తన దాకా వచ్చేసరికి ఏం చేశాడో వినండి. రెండేళ్ల కిందట వానాకాలంలో మంచం పట్టాడు. వట్టి జ్వరమే, కాలనీలో సగం మందికి వచ్చిందే. తగ్గి లేచిన మొదటి రోజు నేను గోడ ఇవతల నుంచి చూస్తున్నాను. ఆకు మూల తుంపాడు, నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో ఆకు తుంపాడు. మూడోది. తర్వాత నా వైపు తిరిగి, "తమ్మీ, చెట్టుకు ఏమో అయింది" అన్నాడు.

అలా అని రోజూలాగే బస్సెక్కి డ్యూటీకి వెళ్లాడు. అక్కడి నుంచి మొదలైంది. ఎరువెక్కువైతే ఆకు చప్పబడుతుందని ఎవరో చెప్పారని మన్నంతా మార్చాడు. ఎండ చాలకపోతే వాసన పట్టదని కుండీని రోజంతా ఎండలో ఉంచాడు. నీళ్లు తగ్గిస్తే ఘాటెక్కుతుందని నీళ్లు ఆపాడు. కొమ్మలు కత్తిరించాడు. బేరింగుల చప్పుడుకు వేళాపాళా లేకుండా పోయింది. మొక్కలమ్మినవాణ్ణి, వాడి ట్రాలీ ఆటోను, కడియాన్ని కలిపి తిట్టాడు. మునుపు మూలలే పోయిన ఆకులు ఇప్పుడు సగానికి సగం చిరిగి కనబడేవి. కొన్ని పసుపు తిరిగి రాలిపోయాయి. నాకు మొక్కల మీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు, కానీ దాన్ని చూస్తే జాలేసింది.

ఒకరోజు ఆయన బజారుకు వెళ్లినప్పుడు వాళ్ల వాకిట్లోకి వెళ్లి ఒక ఆకు తుంపి నలిపాను. వాసన గుప్పుమని వచ్చింది.

ఆ వారమంతా నేను పడ్డ యాతన నాకే తెలుసు. పంపు దగ్గర కూర్చుంటే నీళ్ల చప్పుడు, నూనె వాసన తప్ప ఏమీ తెలియదు. ఊరికే లేచి మూసేసిన గోడ దాకా వెళ్లి వాసన చూసేవాణ్ణి. తడి వాసన వస్తే ఇక రాజుకుందేమో అనుకునేవాణ్ణి. గనిలో ఏ గోడ తడిగా ఉండదు? దూరంగా ఆయన దీపం కనబడగానే మునుపు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ దీపం దగ్గరికొస్తుంటే ఆయన మొహమే చూస్తూ నిలబడేవాణ్ణి. ఆయన గోడ దగ్గర ఆగి, గాలి పీల్చి, మిషన్ వంక చూసి, మళ్లీ పీల్చేవాడు. ముందుకు వెళ్లినవాడు వెనక్కి వచ్చేవాడు. నా కళ్లలోకి మాత్రం చూసేవాడు కాదు.

ఆదివారం పొద్దున మళ్లీ కుండీ బోర్లించిన చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే చెట్టు వేళ్లతో సహా నేల మీద పడి ఉంది. ఆయన పెంకులు ఏరుతున్నాడు. ఇంకోసారి మన్ను మారిస్తే అది చస్తుందని వదిన బతిమాలుతోంది. నేను ఒక ఆకు తెంపి, నలిపి వదిన చేతికిచ్చాను. వాసన వస్తుందా చెప్పమన్నాను.

ఆమె ఆయన వైపు చూసింది.

"యాడికి పోలే" అంది. "మొదట్నుంచి వస్తనే ఉన్నది. నేను రోజూ చూస్తున్న."

ఆయన మొహం నల్లబడింది. అంటే నేను అబద్ధమాడుతున్ననా అని లేచాడు, మీరిద్దరు మాట్లాడుకుని వచ్చిండ్రా అన్నాడు. నాకు కూడా కోపం వచ్చింది. వారం రోజుల భయమంతా నోట్లోకి వచ్చింది.

"చెట్టుది కాదు అన్నా, నీ ముక్కుది. రేపు మస్టర్ల నువ్వు చెప్పకుంటే నేను చెప్త. గా గోడల పక్కన కూసునేది నేను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెట్టును రెండు చేతులతో ఎత్తి కుండీలో నిలబెట్టాడు. మన్ను పోసి మెల్లగా అదిమాడు. నీళ్లు పోశాడు, ఈసారి తట్టి చూడకుండానే. తర్వాత వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. నాకు తెలిసినంతలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. వదిన టీ తెచ్చిస్తే కూర్చునే తాగాడు. అది చూడలేక నేను ఇంట్లోకి వచ్చేశాను.

సోమవారం ఫస్ట్ షిఫ్టు. నేను మస్టర్‌లో హాజరు వేయించుకుని మేనేజర్ గది బయట నిలబడ్డాను. ఆయన రాకపోతే లోపలికి వెళ్లాలి, వెళ్తే ఎలా మొదలుపెట్టాలో తెలియదు. అంతలో ఆయన వచ్చాడు. నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్లి, చొక్కా జేబులోంచి ఆకు తీసి చింపి మేనేజర్‌కు ఇచ్చాడు. ఆ మేనేజర్ కొత్తగా వచ్చినవాడు, మంచివాడే. విషయమేంటో తెలియక ఆకు వాసన చూశాడు.

"వాసనొస్తుందా సార్?"

వస్తుందన్నాడు మేనేజర్.

"నాకు వస్తలేదు సార్. జ్వరం వచ్చిపోయిన కాడ్నుంచి వస్తలేదు."

మేనేజర్ ఆయనను కూర్చోమన్నాడు. రూల్సు ప్రకారం చూడాల్సింది మిషన్‌తోనే కదా, రిటైర్మెంటుకు ఎక్కువ రోజులు కూడా లేవు, మెడికల్ బోర్డుకు రాస్తే సర్దార్ పని పోతుంది, ఆలోచించుకో అని నచ్చజెప్పాడు. ఆ మాటల్లో ఆయన మీద మర్యాదే ఉంది. ఎవరూ అడగని దాన్ని ఎందుకు మీద వేసుకుంటావనే. బయట నా చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒప్పుకుంటాడేమోనని భయం, ఒప్పుకోకపోతే ఆయన ఏమైపోతాడోనని ఇంకో భయం.

"మిషన్ నేను వెట్టిన కాడనే చూస్తది సార్" అన్నాడు ఆయన. "యాడ వెట్టాల్నో ముక్కు చెప్పేది. ఇగ నాతోని కాదు."

మిషన్‌ను బల్ల మీద పెట్టాడు. కర్రను బల్లకు ఆనించాడు. బయటికొచ్చి, నా భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే బస్సు వైపు వెళ్లిపోయాడు. ఆ రోజు మా షిఫ్టుకు వేరే సర్దార్‌ను పంపారు. నేను పంపు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకేడ్చానో చెప్పమంటే చెప్పలేను. బతికిపోయానన్న సంతోషం కూడా అందులో ఉంది.

ఇంటికొచ్చేసరికి వదిన గోడ మీది నుంచి పిలిచి, అన్నానికి రమ్మంది. ఆయన ఆ పొద్దున ఇంటికి రాగానే చెట్టు మీద మిగిలిన నిండు ఆకులన్నీ కోసి ఆమె ఒళ్లో పోశాడట. కూరల ఎయ్యి, ఇగ నాకు పనిలేదు అన్నాడట. ఆమె బగారా వండింది. ఇన్నేళ్లలో సొంత చెట్టు ఆకు వేసి వండటం అదే మొదలు. వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాక ఆయన పళ్లెంలో ఆకు వచ్చింది. అలవాటుగా తీసి, చింపి, ముక్కు వైపు తీసుకెళ్లాడు. సగంలో చెయ్యి ఆగిపోయింది. దాన్ని నా ముందుకు చాపాడు.

"నువ్వు చూసి చెప్పు తమ్మీ. ఎట్లున్నది?"

"మంచిగుంది అన్నా" అన్నాను. ఆయన తల ఊపి మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

తర్వాత ఆయనను పైన ల్యాంప్ రూంలో వేశారు. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే చోటు. చెట్టు తేరుకుంది, కొత్త చిగుళ్లు వేసింది. నేను దీపం కోసం కిటికీ దగ్గరికి వెళ్తే ముందు ఆకు ముక్క బయటికొచ్చేది, నేను వాసన చూసి ఎలా ఉందో చెప్పాకే దీపం వచ్చేది. వెనక క్యూలో వాళ్లు గొణిగేవాళ్లు. రిటైరై ఊరికి వెళ్తూ ఆ కుండీని బేరింగుల బండితో సహా మా వాకిట్లోకి తోసి, రోజూ తుడవమని, తట్టి చూసే నీళ్లు పోయమని నాకూ మా ఆవిడకూ చెరొకసారి చెప్పాడు. బస్సు కదిలాక కిటికీలోంచి ఇంకోసారి చెప్పాడు.

కబురు తెలిసిన రోజు నుంచి నేను ఆ చెట్టు ఆకు ముట్టలేదు. తుడిచాను, నీళ్లు పోశాను, ఎండ చూసి బండి తోశాను, అంతే. చూస్తుండగానే చెట్టంతా నిండు ఆకులైంది. ఎంత బాగుందో అని అందరూ అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఖమ్మం పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు మళ్లీ ఫస్ట్ షిఫ్టు. గేటు దాకా వెళ్లినవాణ్ణి వెనక్కి వచ్చి, ఒక ఆకు మూల తుంపి నలిపాను. వాసన సన్నగా, ఎప్పటిలాగే వచ్చింది. గోడ అవతలి క్వార్టర్లో ఇప్పుడు వేరేవాళ్లుంటున్నారు, వాళ్లు వింటే ఏమనుకుంటారోనని కూడా చూడలేదు.

"మంచిగుంది అన్నా" అని పైకే చెప్పి, బస్సు కోసం నడిచాను.